ఇంటి పని ఏ జాబితాలో?

పది గంటలకి మేనేజరుగారితో మీటింగు. దాని కిందే గ్యాసు బుకింగు. ఆ కింద బాబు ఫీజు, ఆడిటు ఫైలు, అత్తయ్యగారి బీపీ మాత్రలు... రాజమండ్రిలోనో భీమవరంలోనో ఉద్యోగం చేస్తున్న ఇల్లాలు ఫోనులో రాసుకునే పనుల వరస ఇలాగే ఉంటుంది. ఆఫీసులో కూర్చుంటే మాత్రలు గుర్తొస్తాయి, పొయ్యి దగ్గర నిలబడితే ఆడిటు గుర్తొస్తుంది. రెండుచోట్లా మనసు సగమే!

గూగుల్ కీప్ లాంటి యాప్‌లలో ‘ఆఫీసు’ అని ఒక జాబితా, ‘ఇల్లు’ అని మరొకటి విడిగా పెట్టుకోవచ్చు. చేసి చూడండి, తలబరువు కాస్త దిగుతుంది.

గడప దాటి వెళ్ళేవాళ్ళకి ఈ విభజన తేలికే. మరి నరసాపురం ప్రాంతంలో ఇంట్లోనే లేసు అల్లే ఆడవాళ్ళ సంగతేమిటి? అన్నం ఉడికేలోగా నాలుగు వరసలు, పిల్లాణ్ణి పడుకోబెట్టి మరో నాలుగు. “ఖాళీగా ఉన్నప్పుడు ఏదో అల్లుకుంటారులెండి” అనేస్తారు చూసేవాళ్ళు. ఆ ఖాళీ ఎక్కడుందో వాళ్ళే చూపించాలి. మారియా మీస్ అనే జర్మన్ పరిశోధకురాలు ఈ లేసు పనివాళ్ళ మీద అధ్యయనం చేసి 1982లో పుస్తకం తెచ్చారు. విదేశాల మార్కెట్లకి వెళ్ళే సరుకు తయారుచేస్తున్నా వీళ్ళని కార్మికులుగా కాక గృహిణులుగానే లెక్కగట్టడంవల్ల కూలి అంత తక్కువగా ఉందని ఆమె వాదించారు. 2024లో నరసాపురం లేసుకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. సంతోషమే. అల్లిన గంటలకి గుర్తింపు ఎప్పుడు?

అందుకే లేసు పనికి విడిగా ఓ జాబితా ఉండి తీరాలి. ఫోనులో కాకపోతే క్యాలెండరు వెనకైనా సరే. ఏ రోజు ఎన్ని గంటలు కూర్చున్నారు, ఎంత దారం పట్టింది, చేతికెంత ముట్టింది అన్నది రాసి ఉంటే గంటకి ఎంత పడిందో తెలుస్తుంది. ఏజెంటుతో రేటు మాట్లాడేటప్పుడు నోటిమాట కన్నా ఆ లెక్కే గట్టిగా పలుకుతుంది.

ఇక ‘ఇల్లు’ జాబితా. కేంద్ర ప్రభుత్వం 2024లో జరిపిన టైమ్ యూజ్ సర్వే ప్రకారం జీతంలేని ఇంటి పనులకి ఆడవాళ్ళు రోజుకి సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే, మగవాళ్ళు 88 నిమిషాలు. అదీ ఎంతో కొంత పని చేసిన మగవాళ్ళ లెక్క. అసలు వేలు పెట్టనివాళ్ళు ఇందులో లేనే లేరు!

జాబితాను ఇంకొకరితో పంచుకునే వీలు కూడా ఆ యాప్‌లోనే ఉంది. ‘ఇల్లు’ జాబితాలో మీ వారినీ, ఫోను వదలని పెద్దబ్బాయినీ చేర్చేయండి. గ్యాసు, మాత్రలు, కరెంటు బిల్లు వాళ్ళ ఫోనుల్లోనూ కనిపిస్తాయి. “నాకు చెప్పలేదుగా” అనడానికి ఇక వీలుండదు.