ముత్యాల తేనీరు

యానాములో వేసవి యెట్లుండునో మన పాఠకులకు చెప్పనక్కరలేదు. మధ్యాహ్నము గడచి గౌతమి మీది గాలి తగులు వరకు ఎవరికిని ప్రాణము కుదుటపడదు. మజ్జిగ, నిమ్మరసము, కొబ్బరినీరు, తాటిముంజలు మన పెద్దలకు చాలినవి. నేటి బాలబాలికలకు అవి చాలుట లేదు. వారికి ఐసు వేసిన తేనీరు కావలెను. అందును అడుగున నల్లని పూసలుండు “బబుల్ టీ” కావలెను. ఈ క్రొత్త ముచ్చటను గూర్చి మాకు తోచిన నాలుగు మాటలు విద్యార్థులకును, వారి తలిదండ్రులకును విన్నవించుకొనుచున్నాము.

గత వేసవిలో పుస్తకములు కొనుటకై కొందరు విద్యార్థులతో కాకినాడ వెళ్లితిమి. పని ముగిసిన పిమ్మట పిల్లలు మమ్మొక దుకాణమునకు తీసికొనిపోయిరి. పొడవైన గ్లాసు, వ్రేలంత లావు గొట్టము, ఐసు ముక్కలు, పాలు కలిపిన తేనీరు, అడుగున బఠానీ గింజలంతేసి నల్లని పూసలు! గ్లాసు వెల 140 రూపాయలు. మరియొక పిల్లవాడు నిమ్మరసపు ఐస్ టీ పుచ్చుకొనెను. రెండింటిని రుచి చూచితిమి. నిజము చెప్పవలెనన్న రెండును బాగుగనే యున్నవి. నిమ్మరసపు తేనీరు ఎండలో హాయి గొల్పినది. రెండవదానిలో తేయాకు వగరు తీపి క్రింద మునిగిపోయినది గాని, గొట్టము వెంట వచ్చిన పూసలను నములుట మాకును సరదాగనే యుండెను.

ఆ పూసలు దేనితో చేయుదురని అడిగితిమి. ఎవరికిని తెలియదు. “ఇది మనది కాదండి మాస్టారూ, దీనికి తెలుగులో మాట లేదండి” అని ఒక విద్యార్థి యనెను. “ఇది మన సగ్గుబియ్యమునకు అన్నగారే నాయనా” అంటిమి. అందరును నవ్విరి. “సగ్గుబియ్యమా అండీ! అది జ్వరమొచ్చినవాళ్లు తాగేది కదండీ!” అనిరి. ఆ నవ్వే మా చేత ఈ వ్యాసము వ్రాయించుచున్నది.

ఆ పూసలును, మన సగ్గుబియ్యమును ఒకే దుంప పిండితో చేయబడును. ఆ దుంప కర్రపెండలము. దాని పుట్టిల్లు దక్షిణ అమెరికా. పోర్చుగీసువారి ఓడలపై సముద్రములు దాటినది. నేడు కాకినాడకు చేరువనున్న పెద్దాపురపు మెట్ట పొలములలో అది పండుచున్నది; సామర్లకోట పరిసరములలో సగ్గుబియ్యపు మిల్లులు కలవు. దుంపను కడిగి, తొక్క తీసి, నలిపి, నీటితో పాలు వడియగట్టి, అడుగున తేరిన పిండిని గుండ్లుగా చేసి, పెనముపై వేచి, ఎండబెట్టిన సగ్గుబియ్యమగును. ఆ పిండినే ముడిచక్కెరతోను, వేడినీటితోను ముద్దచేసి, ఉండలు చుట్టి, ఉడికించిన ఆ నల్లని పూసలగును. తేడా ఇంతమాత్రమే.

ఈ పానీయము 1980 దశకములో తైవాను ద్వీపమున పుట్టినది. తైచుంగ్ నగరములోని దుకాణ మొకటియు, తైనాన్ నగరములోని దుకాణ మొకటియు మేము ముందనగా మేము ముందని పదియేండ్లు వ్యాజ్యమాడినవి. ఇది ఎవరైనను చేసికొనదగిన పానీయము, ఎవరు ముందో తేల్చనక్కర లేదని 2019లో న్యాయస్థానము చెప్పెను. అక్కడివారు దానికి పెట్టిన పేరునకు ముత్యాల పాలతేనీరని అర్థము. గమనింపుడు! తైవానువారు తమ వీధులలో అమ్ముడుపోవు పాత చిరుతిండిని చూచి సిగ్గుపడలేదు. దానిని తమ తేనీటిలో వేసి, ముత్యమని పేరుపెట్టి, లోకమునకు అందించిరి. మనమో, మన చెంత పండు దుంపను జ్వరపు పథ్యమని త్రోసివేసి, అదియే ముత్యమై వచ్చినపుడు 140 రూపాయలిచ్చి, దానికి మనలో పేరే లేదనుచున్నాము.

పేరు లేకపోవుట భాష లోపము కాదు. పెట్టకపోవుట మన లోపము. పరదేశపు వస్తువు ఎదురైనపుడు మన పెద్దలు నోరు కట్టుకొని కూర్చుండలేదు. తాము ఎరిగిన పెండలమును తలచుకొని, కర్రవంటి కాండముగల క్రొత్తదానిని కర్రపెండలమనిరి. బ్రెజిలు నుండి వచ్చిన చెట్టు జీడిమామిడి యైనది. పోర్చుగీసు మాటలను నాలుకకు అనువుగ మలచుకొని అనాస యనిరి, బొత్తామనిరి. సగ్గు అన్న మాటయే మలయా భాషది. కావున ఇంగ్లీషు మాట వినబడరాదని మేము చెప్పుట లేదు. టీ, కాఫీ, ఐసు ఏనాడో మనవైనవి. కాని పేరుపెట్టు శక్తిని వాడక పోగొట్టుకొనరాదు. “ముత్యాల తేనీరు” అన్నచో ఏ అవ్వకైనను అర్థమగును.

ఈ మాట యానామువారికి మరింత అవసరము. మన ఊరు 1954 వరకు ఫ్రెంచి పాలనలో నుండెను. 1962లో చట్టరీత్యా భారతదేశమున చేరెను. నేడు తమిళము అధికసంఖ్యాకుల భాషయైన పుదుచ్చేరిలో భాగమై యున్నాము. సగ్గుబియ్యమును తమిళ సోదరులు జవ్వరిసి యందురు. ఫ్రెంచివారు జపాను ముత్యములందురు. ఈ పేర్లన్నియు నేర్చుకొను భాగ్యము మన పిల్లలకు కలదు, నేర్చుకొనవలెను. మేము ఉపాధ్యాయ శిక్షణ పొందినది పొరుగు రాష్ట్రమున. అక్కడివారు ఒక మాట మరచినను వారి ప్రభుత్వపు కాగితమైన గుర్తుచేయును. పై చదువులకో, ఉద్యోగమునకో పుదుచ్చేరి పోవు మన పిల్లవానికి ఆ ఆసరా లేదు. ఇంటి నుండి కట్టుకొనిపోయిన మూటయే వాని తెలుగు. ఆ మూటలో సగ్గుబియ్యము వంటి చిన్న మాటలే ముందుగా జారిపోవును.

తలిదండ్రులకు ఒక మనవి. వలదని గద్దించిన వస్తువు మరింత తీపి యగును. గద్దింపక లెక్క చూపుడు. కలిపిన చక్కెర వలన వచ్చు శక్తి దినపు ఆహారశక్తిలో 10 శాతము మించరాదనియు, 5 శాతములోపున్న మరియు మేలనియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2015లో సూచించినది. ఆ 5 శాతము పెద్దవారికి సుమారు 25 గ్రాములు, అనగా ఆరు చిన్న చెంచాలు. తీపి దట్టించిన పెద్ద గ్లాసు ఒక్కటే ఆ కొలత దాటవచ్చును. ఇక పసిపిల్లలకు పూసలు గొంతున అడ్డుపడు ప్రమాదము కలదు, ఇయ్యరాదు.

ఇంతకన్న మంచి ఉపాయము మరొకటి కలదు. ఒక సాయంకాలము పెద్ద సగ్గుబియ్యమును మెత్తగా ఉడికించి, చన్నీట కడిగి, కొద్దిపాటి బెల్లపు పాకమున నాననిచ్చి, చల్లార్చిన తేనీటిలో వేసి పిల్లలకిండు. దుకాణపు పూసవలె సాగదు గాని రుచికి లోటుండదు. త్రాగుచుండగా ఆ గింజ ఏ దుంపదో, ఎక్కడ పండునో, ఏమని పిలుతురో చెప్పుడు.

విద్యార్థులారా, ముత్యాల తేనీరు త్రాగుడు. మాకును ఒక గ్లాసు ఇప్పించినచో కాదనము. కాని తెలుగులో మాట లేదని చెప్పుటకు ముందు ఒక్కసారి ఇంటికి పోయి అమ్మను, అమ్మమ్మను అడుగుడు. వారి వద్దను లేనిచో మీరే ఒకటి పెట్టుడు. భాషకు ఆ అధికారము మీకు కాక మరెవరికి కలదు?