మన తండా పేరు మెషీన్‌కి ఎందుకు తెలియదు?

కొంచెం పెద్ద పోస్టు, తీరిక చేసుకుని చదవండి.

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వైపు తండాల్లో, ఎస్టీ కాలనీల్లో ఉండే మన పిల్లలకి పోస్టు సరిగా అందదన్నది కొత్త సంగతి కాదు. పాన్ కార్డు రాలేదు, ఏటీఎం కార్డు బ్యాంకుకే తిరిగిపోయింది, పాస్‌పోర్టు "అడ్రస్ అసంపూర్ణం" అని వెనక్కి వెళ్లింది. ఈ మాటలు వినని ఇల్లు మనలో తక్కువ. దీనికి మనకు దొరికే సలహా ఎప్పుడూ ఒకటే: "అడ్రస్ నీట్‌గా, పూర్తిగా రాయండి బాబూ." ఈ సలహా సగమే నిజమని నా అభిప్రాయం. ఇప్పుడు బ్యాంకు కవర్ల మీద అడ్రస్ రాసేది మనం కాదు, ప్రింటర్. ప్రింటు అక్షరాలు కూడా వెనక్కి పోతున్నాయంటే తప్పు మన రాతలో ఉందా?

ఉత్తరాన్ని మెషీన్ ఎలా చదువుతుందో తెలిస్తే ఈ విషయం తేలిగ్గా అర్థమవుతుంది. అమెరికా పోస్టల్ శాఖలో 1990ల్లో ఈ పని పెద్ద ఎత్తున జరిగింది. కవర్ బెల్టు మీద పరుగెత్తుతుంటే కెమెరా ఫొటో తీస్తుంది, కంప్యూటర్ అడ్రస్ చదివి కవర్ మీద బార్‌కోడ్ కొడుతుంది. చేతిరాత దగ్గరకొచ్చేసరికి ఆగిపోయేది. అట్ల ఆగిపోయిన కవర్ల ఫొటోలు ఎక్కడో దూరంగా ఉన్న ఆఫీసులకు వెళ్లేవి. అక్కడ మనుషులు స్క్రీన్ల ముందు కూర్చుని, కొన్ని సెకన్లలో చూసి టైపు చేసేవాళ్లు. ఒక దశలో ఇలాంటి ఆఫీసులు 55 ఉండేవి. తర్వాత చేతిరాత చదివే సాఫ్ట్‌వేర్ మెరుగుపడేకొద్దీ ఒక్కొక్కటే మూసేశారు.

ఆ సాఫ్ట్‌వేర్ వెనక ఉన్న ముఖ్యమైన మనిషి మనకు అంత దూరమేం కాదు. బెంగళూరు ఐఐఎస్సీలో చదివి, న్యూయార్క్ రాష్ట్రంలోని బఫెలో యూనివర్సిటీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన సార్గూర్ శ్రీహరి. ఆయన బృందం చేసిన పద్ధతి వినండి. మెషీన్ ముందు అంకెలు చదువుతుంది, అంటే జిప్ కోడ్, ఇంటి నెంబరు. అంకెలు పదే కాబట్టి అవి సులువు. ఆ రెండూ పట్టుకుని పోస్టల్ డైరెక్టరీలోకి వెళ్లి, ఈ కోడ్ కింద ఈ నెంబరు ఇల్లు ఏయే వీధుల్లో ఉందో చూస్తుంది. కొన్ని పేర్లు బయటికొస్తాయి. ఇక కవర్ మీది గీతల్ని ఆ కొన్ని పేర్లతోనే పోల్చి, దగ్గరగా ఉన్నదాన్ని ఎంచుకుంటుంది.

అంటే అది మనలాగా కూడబలుక్కుని చదవడం లేదు, పోల్చి చూస్తోంది. పేరు పట్టికలో ఉంటే కోడి కెలికినట్టు రాసినా దొరుకుతుంది. పట్టికలో లేకపోతే ముత్యాల్లాంటి అక్షరాలు రాసినా రిజెక్ట్ గూట్లోకి పోతుంది. మన గొడవంతా ఇక్కడే ఉంది.

ఇప్పుడు మన దేశానికి వద్దాం. పిన్ కోడ్ 1972 ఆగస్టు 15న మొదలైంది. తపాలా శాఖలో పెద్ద అధికారిగా ఉన్న శ్రీరామ్ భికాజీ వేలంకర్ దాన్ని రూపొందించారు. ఒకే పేరుతో నాలుగైదు ఊళ్లుండటం, రకరకాల భాషల్లో అడ్రస్‌లు రాయడం, సార్టింగ్ చేసేవాళ్లు తికమక పడటం, వీటికి విరుగుడుగా ఆరంకెలు తెచ్చారు. మదనపల్లె 517325, పుంగనూరు 517247, కుప్పం 517425. మొదటి అంకె జోన్, మొదటి మూడూ కలిపి సార్టింగ్ జిల్లా, చివరి మూడూ డెలివరీ పోస్టాఫీసు. కుప్పం దాటి అటు క్రిష్ణగిరికి పోతే 635తో మొదలవుతుంది, ఇటు కోలారుకు పోతే 563. మూడు రాష్ట్రాలు కలిసే చోట మూడు లిపుల్లో అడ్రస్‌లు రాసినా అంకెలు మాత్రం అందరికీ ఒకటే. 2022 ఏప్రిల్‌లో జిల్లాలు విడగొట్టినప్పుడు మదనపల్లె అన్నమయ్య జిల్లాలోకి పోయింది, పుంగనూరు, కుప్పం చిత్తూరులో ఉండిపోయాయి. జిల్లా పేరు మారినా 517 మారలేదు. వేలంకర్ గారి పని గట్టిదే.

కానీ పిన్ మోసుకొచ్చేది పోస్టాఫీసు దాకానే. దేశంలో 1 లక్షా 64 వేలకు పైగా పోస్టాఫీసులున్నాయి, పిన్ కోడ్‌లు మాత్రం 19 వేల చిల్లర. సగటున ఒక పిన్ కింద ఎనిమిది తొమ్మిది పోస్టాఫీసులు, ఒక్కో దాని కింద ఎన్నో పల్లెలు. అమెరికాలో మెషీన్‌కి వీధి పేర్ల పట్టిక ఉంది. మనకు పిన్ తర్వాత పట్టిక ఏది? ఆన్‌లైన్ ఫారాల్లో పిన్ కొట్టగానే ఒక లిస్టు దిగుతుంది కదా, అందులో మన తండా ఉందా చూడండి. చాలామందికి ఉండదు. రెవెన్యూ గ్రామం పేరు ఉంటుంది, పోస్టాఫీసు ఉన్న ఊరు పేరు ఉంటుంది. మనం ఆ ఊరినే ఎంచుకోవాలి. మన తండా ఆ ఊరికి మూడు నాలుగు కిలోమీటర్ల అవతల గుట్ట కింద ఉన్నా సరే, కవర్ మీద మాత్రం మనం ఆ ఊరోళ్లమే.

"ఎస్టీ కాలనీ" అన్న పేరు ఇంకో గొడవ. యానాది కుటుంబాలకు ఇళ్లు కట్టించిన ప్రతిచోటా దాదాపు ఇదే పేరు. ఒక మండలంలో ఎన్ని ఎస్టీ కాలనీలు ఉంటాయో మీకే తెలుసు. అది పేరు కాదు, కేటగిరీ. తండాల సంగతి ఇంకోలా ఉంటుంది. పేరు ఉంటుంది గానీ ఇంగ్లీషులో స్పెల్లింగ్ ఒక్కటి ఉండదు. తండా అనే మాటకి కొందరు టి తర్వాత హెచ్ పెడతారు, కొందరు పెట్టరు. ఆధార్‌లో ఒకటి, బ్యాంకు పాస్‌బుక్‌లో ఒకటి, కుల ధ్రువపత్రంలో ఇంకొకటి. పట్టికలో ఒక సరైన రూపం ఉంటే మిగతావాటిని మెషీన్ దానికి దగ్గరగా తెచ్చుకోగలదు. అసలు రూపమే లేనప్పుడు దేనికి తెస్తుంది?

ఢిల్లీ, కోల్‌కతాల్లో పెద్ద ఆటోమేటెడ్ మెయిల్ ప్రాసెసింగ్ సెంటర్లు ఉన్నాయి. మన పల్లెల దాకా వచ్చాక మాత్రం ఉత్తరాన్ని వేరుచేసేది ఇప్పటికీ మనిషే. బ్రాంచి పోస్ట్‌మాస్టర్‌కి తెలుసు, ఏ లక్ష్మీబాయి ఏ తండాలో ఉంటుందో, ఏ నాయక్ బెంగళూరు పనికి పోయి పండక్కి వస్తాడో. అమెరికాలో స్క్రీన్ ముందు కూర్చున్నవాళ్లు చేసిన పనే, మనవాళ్లు సైకిల్ మీద చేశారు. ఆ తెలివిడి అంతా ఆ మనిషి తలలోనే ఉంది, కాగితం మీద లేదు. ఆయన రిటైరైన రోజు తండా అడ్రస్ కూడా రిటైరైపోతుంది. తర్వాత పదో తరగతి మార్కుల మెరిట్‌తో ఇంకో జిల్లా నుంచి కొత్తవాళ్లు వస్తారు. వాళ్ల తప్పేం లేదు, ఎవరూ చెప్పకపోతే వాళ్లకెట్ల తెలుస్తుంది?

దీనికి మనవాళ్లు కనిపెట్టిన ఉపాయం టౌన్‌లో తెలిసిన కిరాణా కొట్టు అడ్రస్ కేరాఫ్ పెట్టడం. పని జరుగుతుంది, కాదనను. పాస్‌పోర్టు దగ్గర మాత్రం తన్నేస్తుంది, అది ఆ మనిషికే ఆ అడ్రస్‌లోనే ఇవ్వాలి. పోలీసు వెరిఫికేషన్ కూడా ఆ అడ్రస్‌కే వస్తుంది. అసలు నష్టం ఇంకొకటి ఉంది. మనమంతా కొట్టు అడ్రస్ ఇచ్చేకొద్దీ తండా పేరుతో వచ్చే ఉత్తరాలు తగ్గిపోతాయి. "అక్కడికి పెద్దగా పోస్టు ఏం రాదులే" అనే మాటకి మనమే సాక్ష్యం తయారుచేస్తున్నాం.

"అంతా ఫోన్‌లోనే కదా, ఇంకా ఉత్తరాలేంటి" అనే తమ్ముళ్లకి ఒక మాట. ఫోన్‌లో రానివే ఇప్పుడు పోస్టులో వస్తున్నాయి. ఏటీఎం కార్డు, పాస్‌పోర్టు, కోర్టు నోటీసు. వంద మామూలు ఉత్తరాలు పోయినా బతికాం, వీటిలో ఒక్కటి పోయినా ఆరు నెలలు ఆఫీసుల చుట్టూ తిరుగుడే. కోర్టు నోటీసు తిరిగిపోతే మనకు తెలియకుండానే కేసు నడిచిపోయే ప్రమాదం ఉంది.

2025 మేలో తపాలా శాఖ డిజిపిన్ అని తెచ్చింది. ఐఐటీ హైదరాబాద్, ఇస్రో వాళ్ల ఎన్‌ఆర్‌ఎస్‌సీతో కలిసి చేశారు. దేశం మొత్తాన్ని దాదాపు నాలుగు మీటర్లకు నాలుగు మీటర్ల గడులుగా కోసి, ఒక్కో గడికి పది అక్షరాంకెల కోడ్ ఇచ్చారు. అందులో సున్నా, ఒకటి వాడలేదు, ఇంకే అక్షరంగానో పొరబడే బెడద లేకుండా. మంచి ఆలోచనే. తండాలో రేకుల ఇంటికైనా, కాలనీలో పక్కా ఇంటికైనా కోడ్ ఒకే తరహాలో ఉంటుంది. కాకపోతే డిజిపిన్ చెప్పేది చోటు ఒక్కటే. ఆ చోటుకి పేరేంటో, అక్కడ ఎవరున్నారో చెప్పదు. బ్యాంకు ఫారంలో దానికి గడి లేకపోతే మనం ఎక్కడ రాయాలి? కొత్త కోడ్ వచ్చింది కదా అని పేరు సంగతి వదిలేస్తే మళ్లీ మొదటికే వస్తాం.

"మారుమూల తండాలు, కనుక్కోవడం కష్టం" అనే మాట మాత్రం నేను ఒప్పుకోను. ఒకటో తారీఖున పెన్షన్ ఎట్ల వస్తోంది? మొదట వాలంటీర్లు, 2024 జూలై నుంచి సచివాలయం సిబ్బంది, మన అవ్వల చేతికి ఇంటి దగ్గరే డబ్బు ఇస్తున్నారు. అంటే ప్రతి ఇంటి లెక్కా ప్రభుత్వం దగ్గర ఉంది, పోస్టల్ శాఖ పట్టికలో మాత్రమే లేదు. తెలంగాణలో 2018లో వెయ్యికి పైగా తండాలు, గూడేలు పంచాయతీలయ్యాయి. నిధుల సంగతి పక్కన పెట్టినా, ఆ తండాల పేర్లు సర్కారు రికార్డుకి ఎక్కాయి. మనకు అది జరిగేదాకా ఆగక్కర్లేదు.

నా ప్రతిపాదన చిన్నది. ఒక్కో తండా, ఒక్కో కాలనీ నుంచి ఇద్దరు చదువుకున్న పిల్లలు ఒక కాగితం తయారుచేయాలి. ఊరి పేరు తెలుగులో, ఇంగ్లీషులో ఒకటే స్పెల్లింగ్. ఎస్టీ కాలనీ అయితే పెద్దలు కూర్చుని దానికి ఒక సొంత పేరు పెట్టుకోవాలి. పిన్, దగ్గరి బ్రాంచి పోస్టాఫీసు, తండా మధ్యలో గుడి దగ్గరో బడి దగ్గరో తీసిన డిజిపిన్, మొత్తం ఇళ్లు. దాన్ని గ్రామసభలో తీర్మానం చేయించి, ఒక కాపీ సచివాలయంలో, ఒక కాపీ డివిజన్ పోస్టల్ సూపరింటెండెంట్‌కి ఇచ్చి రసీదు తీసుకోవాలి. కదలకపోతే తపాలా వాళ్లు పెట్టే డాక్ అదాలత్‌లో ఫిర్యాదు వేయొచ్చు, దానికి లాయర్ అక్కర్లేదు.

ఇంకొకటి, గ్రామీణ డాక్ సేవక్ నోటిఫికేషన్ వచ్చినప్పుడు మనవాళ్లు జీతం తక్కువని వదిలేస్తున్నారు. పరీక్ష లేదు, పదో తరగతి మార్కులు చాలు, ఎస్టీ రిజర్వేషన్ ఉంది. తండా పిల్ల ఒకతె ఆ బ్రాంచిలో కూర్చుంటే ఏ లక్ష్మీబాయి అని ఎవర్నీ అడగక్కర్లేదు.

కాగితం నమూనా నేను రాసి పెడతాను. కుప్పం వైపు తండాల్లో అడ్రస్‌లు తమిళంలో, కన్నడంలో కూడా వస్తుంటాయి కాబట్టి అక్కడి వాళ్లు ఊరి పేరు ఆ లిపుల్లో కూడా కింద రాసి పంపండి.