గింజ ఏదీ?

మొన్న ఆదివారం నా పాత శిష్యుడొకడు తండ్రిని వెంటబెట్టుకొని కర్నూలులోని మా ఇంటికి వచ్చాడు. ఆదోని దాపున వాళ్ల పల్లె. పెద్దాయన ఇచ్చిన కాఫీ ముట్టకుండా, చంకలోని ఖాళీ సంచీ తీసి నా ముందు పరిచాడు. అప్పు చేసి తెచ్చిన పొద్దుతిరుగుడు విత్తనాల సంచీ అది. పైరు ఏపుగా లేచింది, పూలూ విచ్చాయి. చూస్తే అంతా తాలు. అంగడివాణ్ణి అడిగితే, "లోపం విత్తనంలో ఉందంటావా? ఏదీ, ఆ గింజ పట్టుకురా, పరీక్ష చేయిద్దాం!" అన్నాడట.

"ఉన్న గింజంతా భూమిలో ఏస్తిమి గదా అయ్యవారూ! మళ్లీ యాడనుంచి తెచ్చేది?" అన్నాడాయన.

తెలుగు పాఠాలు చెప్పుకొనే నాకు చట్టంతో పనేమిటని మీరనవచ్చు. కాని ఈ ప్రశ్న మన జిల్లాకు కొత్తది కాదు. జాతీయ విత్తన సంస్థ దగ్గర విత్తనాలు కొని నష్టపోయిన రైతులు కర్నూలు, మహబూబ్‌నగర్ మొదలైన జిల్లాల వినియోగదారుల ఫోరాలకు వెళ్లి గెలిచారు. సంస్థ సుప్రీంకోర్టు దాకా పోయింది. రైతు అసలు వినియోగదారుడే కాడంది. విత్తనాన్ని పరీక్షకు పంపలేదంది. 2012 జనవరి 16న కోర్టు ఆ వాదాలను తోసిపుచ్చింది. బతుకుతెరువుకు సేద్యం చేసేవాడు వినియోగదారుడే. కొన్న గింజలన్నీ విత్తుకొనే రైతును, పరీక్ష కోసం కొన్ని దాచి ఉండవలసిందనడం సబబు కాదు. పొలం చూసిన వ్యవసాయాధికారుల, నిపుణుల నివేదికలే సాక్ష్యమయ్యాయి. 1966 నాటి విత్తన చట్టంలో రైతుకు పరిహారం ఊసే లేదు. 1986 నాటి వినియోగదారుల చట్టమే అతన్ని ఆదుకొంది.

2020 జూలైలో దాని స్థానంలో వచ్చిన చట్టం ఇంకొక అడుగు వేసింది. లోపమున్న వస్తువు వల్ల ఒంటికో ఆస్తికో హాని కలిగితే తయారుచేసినవాడు, కొన్ని సందర్భాల్లో అమ్మినవాడు కూడా, పరిహారమియ్యాలి. మన వంటింట్లో పేలిన కుక్కరుకూ ఇదే దారి. మనమున్న జిల్లా కమిషన్‌లోనే రెండేళ్లలోగా ఫిర్యాదు చేయవచ్చు. వస్తువుకు చెల్లించిన ధర ఐదు లక్షల రూపాయలు దాటకపోతే రుసుము లేదు. ప్లీడరు ఉండితీరాలనీ లేదు.

"బిల్లుందా?" అన్నాను.

"మా ఇంట్లోది దేవుని గూట్లో పెట్టింది."

"పైరు?"

"రేపు దున్నేద్దామని..."

"దున్నవద్దు! ముందు వ్యవసాయాధికారికి చూపించి, చూసినది రాయించుకో."

ఆయన ఒక్క క్షణం నా ముఖంలోకి చూసి, సంచీని జాగ్రత్తగా మడిచి, చల్లారిన కాఫీ తాగాడు.

వాళ్లు వెళ్లగానే మా ఆవిడ కొత్త మిక్సీ బిల్లు కోసం ఇల్లంతా వెతకడం మొదలుపెట్టింది. ఇది రాసేసరికి ఇంకా దొరకలేదు.