ఆడినవాడిదొక్కడిదే తప్పా?

సంపాదకులకు,

ఆన్‌లైన్ జూదంలో తప్పంతా ఆడేవాడిదేననీ, చెల్లింపులు నడిపిన సంస్థల్ని నిందించడం తగదనీ మీ పత్రికలో ఒక పాఠకుడు రాశారు. 2020 ఆగస్టులో హైదరాబాద్ పోలీసులు బయటపెట్టిన చైనా జూదం యాప్‌ల కేసు ముందు ఆ మాట నిలవదు. రంగు మీద పందెం కట్టించే సైట్లకు టెలిగ్రామ్ గ్రూపుల్లో జనాన్ని పోగేశారు. చార్టర్డ్ అకౌంటెంట్ల సాయంతో, డమ్మీ డైరెక్టర్లను పెట్టి కంపెనీలు తెరిచారు. చివరికి ఎన్‌ఫోర్స్‌మెంట్ డైరెక్టరేట్ (ఈడీ) హెచ్‌ఎస్‌బీసీ బ్యాంకులోని నాలుగు ఖాతాల్లో 46.96 కోట్ల రూపాయలను స్తంభింపజేసింది. ఇందులో ఆడేవాడి చేతిలో ఉన్నది ఫోనొక్కటే. మిగతా ప్రతి మెట్టు మీదా ఎవరిదో సంతకం, ఎవరికో కమీషను.

వందా రెండొందల చెల్లింపులు లక్షల్లో వస్తుంటే దేన్నని అనుమానించాలి అని ఆ పాఠకుడు అంటారు. విడి చెల్లింపును కాదు, ఖాతాను చూడాలి. నిన్నగాక మొన్న పుట్టిన కంపెనీకి అమ్మే సరుకేదీ కనపడకుండా కోట్లు వచ్చిపడుతుంటే అడగాల్సింది బ్యాంకే. అనుమానాస్పద లావాదేవీలను తెలియజేయాలని 2002 నాటి మనీలాండరింగ్ నిరోధక చట్టం చెబుతూనే ఉంది. జూలూరుపాడు పత్తి రైతు ఖాతా తెరవాలంటే ఆధార్, పాన్, ఫొటో అన్నీ అడుగుతారు. మంచిదే. ఆ పట్టుదల కోట్ల ఖాతాల దగ్గర ఎందుకు సడలుతుంది? నిషేధిస్తే చాటుగా ఆడతారన్నది నిజమే, తెలంగాణలో నిషేధం వచ్చిన 2017 నుంచీ చూస్తున్నాం. అందుకే 2025 కేంద్ర చట్టం డబ్బు పందేల ఆటలకు చెల్లింపులు జరపొద్దని బ్యాంకులనూ కట్టడి చేసింది. దాన్ని మీరిన సంస్థ, కనీసం తాను వసూలు చేసుకున్న ఫీజునైనా కక్కాలి.

- ఒక పాఠకుడు, జూలూరుపాడు