మొగుడూ పెళ్లాలకు ఒక్క రిటర్న్ కాదు, రెండు

2024 డీఎస్సీలో దేవరకొండ, అచ్చంపేట, కల్వకుర్తి తండాల నుంచి టీచర్లయినవాళ్లు మన గ్రూపులో ఉన్నారు. వాళ్లు అడిగేది ఒకటే: "అన్నా, మా ఇద్దరికీ కలిపి ఏ ఫారం వేయాలె?"

కలిపి వేసే ఫారమే లేదు. అమెరికాలో భార్యాభర్తలు కలిసి ఒకే రిటర్న్ వేయొచ్చు. మన దగ్గర ఎవరి పాన్ వాళ్లది, ఎవరి రిటర్న్ వాళ్లది. భార్య టీచర్, భర్తది తండాలో కిరాణా దుకాణం అనుకోండి. జీతం వరకే ఉంటే ఆమెకు ఐటీఆర్-1. దుకాణం లెక్క అమ్మకాల మీద అంచనా లాభంతో చూపిస్తే ఆయనకు ఐటీఆర్-4. ఒకే ఇంట్లో రెండు ఫారాలు, తప్పేం లేదు.

మనోళ్లు పప్పులో కాలేసేది పొలం దగ్గర. వ్యవసాయ ఆదాయానికి పన్ను లేదు కాబట్టి చూపించే పనే లేదనుకుంటారు. కానీ అది ఏడాదికి 5,000 రూపాయలు దాటితే ఐటీఆర్-1 పనికిరాదు, ఐటీఆర్-2 వేయాలె. ఐటీఆర్-4కూ అదే గీత. దుకాణదారుకు పొలం ఆదాయం అంతకు మించితే ఐటీఆర్-3. రెండెకరాల పత్తి ఉన్నా ఖర్చులు పోను 5,000 మిగలదా? కరువు ఏడాది మిగలకపోవచ్చు, అది వేరే సంగతి. పాస్‌బుక్ ఎవరి పేరు మీదుంటే వాళ్ల రిటర్న్‌లో చూపాలె.

ఇంకోటి. భర్త తన జీతం డబ్బుతో భార్య పేరు మీద ఫిక్స్‌డ్ డిపాజిట్ చేస్తే ఆ వడ్డీ భర్త ఆదాయంలోనే కలుస్తది. అదే ఆమె తల్లిగారు ఇచ్చిన డబ్బు మీద వడ్డీ అయితే ఆమెదే.

"ఎస్టీలకు ట్యాక్సే లేదట" అనే ముచ్చట ప్రతి ఏడాది గ్రూపులో తిరుగుతది. సెక్షన్ 10(26) ఉన్నది నిజమే. కానీ అది నాగాలాండ్, మిజోరం లాంటి ఈశాన్య ప్రాంతాల్లో, లడఖ్‌లో ఉండే ఎస్టీలకు, అక్కడ వచ్చే ఆదాయానికి. మన అమ్రాబాద్ ఏజెన్సీ ఐదో షెడ్యూల్ కిందిది, అక్కడి చెంచు ఉద్యోగికి కూడా ఇది వర్తించదు. ఐదో షెడ్యూల్ వాళ్లకు ఎందుకు ఇవ్వలేదని అడగొచ్చు, అడగాలె కూడా. అడగడం వేరు, రిటర్న్‌లో మినహాయింపు రాసుకోవడం వేరు.

ఫారం తప్పయితే డిఫెక్టివ్ అని నోటీసు వస్తది, సరిచేయడానికి 15 రోజులు. పట్టించుకోకపోతే రిటర్న్ వేయనట్టే లెక్క. రేపు ఇంటి లోన్‌కు బ్యాంకోళ్లు రిటర్న్‌లు అడిగితే ఏం చూపిస్తరు?

నాకు అన్నిటికన్నా ఇబ్బందిగా అనిపించేది ఇది: జీతం అక్కది, పోర్టల్‌లో ఫోన్ నంబర్ బావది, పాస్‌వర్డ్ ఏజెంట్‌ది. రీఫండ్‌లో కమీషన్ తీసుకునేటోడు లేని అద్దె, లేని చందాలు రాస్తడు. నోటీసు మాత్రం అక్క పేరు మీదనే వస్తది. అక్కలారా, ముందు పోర్టల్‌లో నంబర్, మెయిల్ మీవి పెట్టుకోండి. ఫారం 16 పక్కన పెట్టుకొని కూర్చుంటే ఐటీఆర్-1 ఒక పూట పని. పొలం లెక్క ఉన్నోళ్లు కామెంట్‌లో అడగండి, ఆదివారం కూర్చొని చూద్దాం.