మలేరియా కిట్‌లో నెగెటివ్ వస్తే సేఫేనా? స్లైడ్ టెస్ట్ ఎందుకంటే..

మన్యంలో వానాకాలం వచ్చిందంటే జ్వరాల సీజనే. పాడేరు ఏజెన్సీ నుంచి భద్రాచలం అడవుల దాకా.. జ్వరమని తెలియగానే ఆశా కార్యకర్త బయటకు తీసేది ర్యాపిడ్ కిట్. వేలి నుంచి ఒక్క చుక్క రక్తం.. 15 నుంచి 20 నిమిషాల్లో రిజల్ట్. మరి నెగెటివ్ వస్తే మలేరియా లేనట్టేనా? కచ్చితంగా అలా చెప్పలేం.

కిట్ ఏం చూస్తుంది?

కిట్ నేరుగా మలేరియా క్రిమిని చూడదు. అది రక్తంలోకి వదిలే ప్రోటీన్లను పట్టుకుంటుంది. మైక్రోలీటర్ రక్తంలో 200 క్రిములున్నా మంచి కిట్ పట్టేయాలన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ ప్రమాణం. అంతకంటే తక్కువుంటే, ముఖ్యంగా వైవాక్స్ రకంలో, తప్పిపోయే ఛాన్స్ ఎక్కువ. ఎండవేడికి కిట్ పాడైనా రిజల్ట్ తేడా కొడుతుంది. అదే చెయ్యి తిరిగిన ల్యాబ్ టెక్నీషియన్ అయితే మైక్రోస్కోప్‌లో 50 నుంచి 100 క్రిములున్నా గుర్తుపట్టగలరు.

పాజిటివ్‌లోనూ చిక్కే!

ఫాల్సిపారం మలేరియా మందులతో తగ్గిపోయినా, హెచ్‌ఆర్‌పీ-2 అనే ప్రోటీన్ కొన్ని వారాల పాటు రక్తంలోనే ఉంటుంది. దాంతో జబ్బు నయమైనా కిట్‌లో గీత పడుతుంది. మందు పనిచేసిందా లేదా తేల్చేది స్లైడే. ఇంకో సమస్య కూడా ఉంది. అసలు ఆ ప్రోటీన్ తయారుచేసే జన్యువే లేని క్రిములు పెరూలో ఉన్నట్టు 2010లో బయటపడింది. ఎరిత్రియాలో ఇవి బాగా పెరగడంతో 2016లో ఏకంగా కిట్లనే మార్చేశారు.

అలాగని కిట్ వేస్టా?

కానే కాదు. కొండపైన గూడెంలో మైక్రోస్కోప్ ఉండదు. స్లైడ్ కిందికి వెళ్లి, రిజల్ట్ పైకి వచ్చేసరికి రోజులు గడిచిపోతాయి. ఫాల్సిపారం అన్ని రోజులు ఆగదు.. మెదడుకు పాకితే ప్రాణం మీదకొస్తుంది. అందుకే 24 గంటల్లో స్లైడ్ రిజల్ట్ రాని చోట కిట్ వాడాలని జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. పైగా స్లైడ్ కూడా చూసే మనిషిని బట్టే. రంగు సరిగా పట్టకపోయినా, టెక్నీషియన్‌పై పని ఒత్తిడి ఉన్నా పొరపాటు జరగొచ్చు.

2030 నాటికి మలేరియాను పూర్తిగా తరిమేయాలన్నది దేశం లక్ష్యం. కేసులు తగ్గేకొద్దీ రక్తంలో కొద్దిపాటి క్రిములతో తిరిగేవాళ్లను పట్టుకోవడమే కష్టం. కిట్లు పంచితే సరిపోదు.. పీహెచ్‌సీల్లో టెక్నీషియన్ పోస్టులూ నిండాలి. జనం గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. కిట్‌లో నెగెటివ్ వచ్చినా చలిజ్వరం తగ్గకపోతే ఇంట్లో కూర్చోవద్దు. వెంటనే పీహెచ్‌సీకి వెళ్లి స్లైడ్ టెస్ట్ చేయించుకోవాలి.