ఎడారి దేశపు కొండలు – ఏ ఋతువు మేలు?

సౌదీ అరేబియా అనగానే తెలుగువారి మనసులో మెదిలేవి ఇసుక తిన్నెలు, ఖర్జూరపు చెట్లు, చమురు బావులు. ఆ దేశంలో ఏళ్ళ తరబడి ఉద్యోగం చేసి స్వదేశానికి తిరిగి వచ్చినవారిలో సైతం పలువురికి అక్కడ మూడు వేల మీటర్ల ఎత్తున్న పర్వతాలున్నాయనీ, వాటిపై అడవులున్నాయనీ, ఆ అడవులపై పొగమంచు దిగుతుందనీ తెలియదు. తెలిసిన కుటుంబాలు సాధారణంగా రెండు పద్ధతుల్లో ఒకదానిని పాటిస్తాయి. జూలై, ఆగస్టు నెలల్లో రియాద్, దమ్మాం, జుబైల్ ఎండలు భరించరానివైనప్పుడు అబ్హాకు బయలుదేరడం మొదటిది. ఈద్ సెలవులు ఎప్పుడు వస్తే అప్పుడు కారెక్కడం రెండవది. మొదటి పద్ధతిలో ప్రయాణకాలాన్ని నిర్ణయించేది విడిచి వెళ్ళే ఊరి ఎండ. రెండవదానిలో ఆకాశంలోని చంద్రుడు. వెళ్ళబోయే కొండ మాట మాత్రం ఎవరూ ఆలకించరు. ఆ కొండకు తనదైన పంచాంగం ఒకటున్నది. దానిని చదువుకొని బయలుదేరిన కుటుంబానికి దక్కే ఆనందమూ, భద్రతా తక్కినవారికి దక్కవు.

కొండల పుట్టుక

సరవాత్ పర్వతశ్రేణి ఎర్రసముద్రపు తీరానికి సమాంతరంగా ఉత్తరాన జోర్డాన్ సరిహద్దు దాపు నుంచి దక్షిణాన యెమెన్ వరకు సాగుతుంది. సుమారు మూడు కోట్ల సంవత్సరాల క్రితం అరేబియా భూఫలకం ఆఫ్రికా నుంచి విడివడసాగినప్పుడు, నడుమ ఏర్పడిన పల్లం క్రమంగా ఎర్రసముద్రమైంది. చీలిక అంచులు పైకి లేచి కొండలయ్యాయి. అందువల్లనే ఈ కొండలు పడమటి వైపు గోడ కట్టినట్లు నిటారుగా నిలిచి, తిహామా అనే తీర మైదానంలోకి ఒక్కసారిగా దిగిపోతాయి; తూర్పు వైపు మెల్లగా వాలుతూ ఎడారిలో కలిసిపోతాయి.

తాయిఫ్ పట్టణం సముద్రమట్టానికి సుమారు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. అల్ బాహా 2,100 మీటర్లకు పైన, అసీర్ రాష్ట్ర రాజధాని అబ్హా సుమారు 2,200 మీటర్ల ఎత్తున ఉన్నాయి. అబ్హాకు చేరువనే ఉన్న సౌదా శిఖరం ఎత్తు సుమారు 3,000 మీటర్లు. తెలుగువారికి పరిచయమైన కొండలతో పోల్చి చూస్తే ఈ అంకెల విలువ తెలుస్తుంది. అరకు లోయ వెయ్యి మీటర్లకు లోపే. హార్స్‌లీ కొండలు 1,300 మీటర్లకు లోపే. అబ్హాకు సాటి రాగలది తమిళనాట 2,240 మీటర్ల ఎత్తున ఉన్న ఊటీ. అంటే ఎడారి దేశంలో పనిచేస్తున్న తెలుగు కుటుంబానికి, కారు ప్రయాణపు దూరంలోనే ఒక ఊటీ ఉన్నదన్నమాట.

ఎత్తు ప్రతి వెయ్యి మీటర్లు పెరిగినకొద్దీ ఉష్ణోగ్రత సగటున ఆరున్నర డిగ్రీలు తగ్గుతుంది. రియాద్ సుమారు 600 మీటర్ల ఎత్తున ఉంది కనుక, కేవలం ఎత్తు కారణంగానే అబ్హా పది డిగ్రీలకు పైగా చల్లగా ఉండాలి. వేసవి మధ్యాహ్నాలలో కమ్ముకొనే మబ్బులు మరికొంత చల్లదనాన్ని చేరుస్తాయి. జూలైలో రియాద్ పగటి ఉష్ణోగ్రత 43, 44 డిగ్రీలను తాకుతుండగా అబ్హాలో 30 డిగ్రీల దగ్గర ఆగిపోవడం ఇందువల్లనే. వేసవిలో జనం అక్కడికి పరుగెత్తడంలో వింత లేదు. అయితే చల్లదనం ఒక్కటే ఋతువుకు కొలమానం కాదు.

వానల లెక్క

సౌదీ అరేబియాలో అత్యధిక భాగానికి ఏడాది పొడవునా కురిసే వర్షం సుమారు 100 మిల్లీమీటర్లు. అసీర్ ఎత్తు ప్రాంతాలలో కొన్నిచోట్ల అది 300 మిల్లీమీటర్లు దాటుతుంది. వానలకు ముఖం వాచిన అనంతపురానికి ఏటా సుమారు 550 మిల్లీమీటర్లు కురుస్తుందని తెలిసిన తెలుగువారికి ఈ అంకె అల్పంగా తోచవచ్చు. కాని ఆ కొద్దిపాటి వానా ఏడాది పొడవునా పంచినట్లు కురవదు. గంటలలో కురిసి ముగుస్తుంది. రాతి కొండలపై నీటిని పీల్చుకొనే మట్టి తక్కువ. పడిన నీరంతా వాదీలనబడే ఎండు వాగుల్లోకి ఉరుకుతుంది. పైన ఎక్కడో కురిసిన వాన, ఆకాశం నిర్మలంగా ఉన్న దిగువ లోయలో గోడలాగా వచ్చి పడుతుంది. చదునుగా, ఇసుకతో, తుమ్మచెట్ల నీడతో వనభోజనానికి అమర్చినట్లుండే స్థలం తరచుగా ఆ వాగు గర్భమే కావడం ప్రమాదానికి మూలం.

ఈ వానలకు రెండు కాలాలున్నాయి. ప్రధానమైనది వసంతం. మార్చి నుంచి మే వరకు మధ్యధరా వైపు నుంచి వచ్చే చల్లని గాలి, ఎర్రసముద్రం మీది తేమ గాలితో కలిసి ఉరుములు, మెరుపులు, వడగళ్ళతో కూడిన వానలు కురిపిస్తుంది. రెండవది జూలై, ఆగస్టు. తెలుగు నేలకు నైరుతి ఋతుపవనాలను తెచ్చే వాయువ్యవస్థ అంచు ఆ నెలల్లో అసీర్ కొండలను తాకుతుంది. నిజామాబాదు రైతు నాట్లు వేస్తున్న వేళ అబ్హా మీద మధ్యాహ్నపు మబ్బు కమ్మడం యాదృచ్ఛికం కాదు. ఆ రెండూ ఒకే మహావ్యవస్థకు రెండు కొసలు. కనుక చల్లదనం కోసం వేసవిలో వెళ్ళే కుటుంబం, తనకు తెలియకుండానే, ఉరుముల వానల కాలాన్ని ఎంచుకొంటున్నది.

శీతకాలం మరొక రకం. డిసెంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఎర్రసముద్రం నుంచి ఎగసిన తేమ, కొండ అంచున దట్టమైన పొగమంచుగా మారుతుంది. జ్యూనిపర్ అడవికి ఆ మంచు ప్రాణాధారం. ఘాట్ రోడ్డు మీద వాహనం నడిపేవారికి ప్రాణసంకటం. ముందున్న బండి వెనుక దీపాలు కూడా కానరాని ఉదయాలు ఆ నెలల్లో అరుదు కాదు.

ఇక మిగిలినది సెప్టెంబరు చివరి వారం నుంచి నవంబరు నడుమ వరకు గల కాలం. వేసవి వానలు వెనుదిరుగుతాయి. శీతకాలపు మంచు ఇంకా మొదలుకాదు. ఏడాదిలో అతి తక్కువ వాన పడే రోజులివే. అక్టోబరులో అబ్హా పగటి ఉష్ణోగ్రత 25 డిగ్రీలకు అటూ ఇటూగా ఉండి, రాత్రికి పల్చని ఉన్ని దుస్తులు చాలినంత చలి పడుతుంది. గాలి నిర్మలమై సౌదా అంచున నిలిచినవారికి దిగువన తిహామా వైపు లోయలు పొరలు పొరలుగా కనిపిస్తాయి. వేసవి రద్దీ తగ్గి ఉంటుంది. తెలుగునాట బతుకమ్మ పూలు విరిసి, దసరా దాటి, దీపావళి వచ్చే రోజులే అవి. కుటుంబంతో సరవాత్ కొండలను చూడదలచినవారికి శరత్కాలమే శ్రేష్ఠమని చెప్పడానికి ఇంతకంటె ఆధారం అక్కరలేదు.

చంద్రుని సెలవులు, సూర్యుని సెలవులు

మరి ఈద్ సెలవుల సంగతేమిటి? హిజ్రీ సంవత్సరానికి సుమారు 354 రోజులు. తెలుగు పంచాంగం కూడా చాంద్రమానమే అయినప్పటికీ, అధికమాసాన్ని చేర్చి ఋతువులతో పొత్తు కుదుర్చుకొంటుంది. 2026లో వచ్చిన అధిక జ్యేష్ఠం అందుకు ఉదాహరణ. హిజ్రీ పంచాంగంలో అధికమాసం లేదు. అందుచేత ఈద్ పండుగలు ఏటా పది, పదకొండు రోజులు ముందుకు జరుగుతూ, సుమారు 33 సంవత్సరాలలో ఋతుచక్రాన్ని ఒకసారి చుట్టివస్తాయి. రంజాన్ ముగింపు పండుగ 2024లో ఏప్రిల్ 10న, 2025లో మార్చి 30న వచ్చింది. 2030లో జనవరిలో ఒకసారి, డిసెంబరులో మరొకసారి రంజాన్ మాసం మొదలవుతుంది. బక్రీదు 2025లో జూన్ 6న వచ్చింది. రానున్న ఏళ్ళలో అది మే, ఏప్రిల్ నెలల మీదుగా వెనుకకు నడుస్తుంది. లెక్క కడితే, ఇంచుమించు పదేళ్ళ వరకు ఈ రెండు పండుగలలో ఏదీ శరత్కాలంలో పడదు. ఒకటి పొగమంచులోకి, మరొకటి వసంతపు వానల్లోకి జరుగుతున్నాయి. నాలుగేళ్ళ క్రితం ఈద్ సెలవులకు వెళ్ళి సుఖంగా తిరిగి వచ్చిన మిత్రుని అనుభవం ఈ ఏటి ఈద్‌కు ప్రమాణం కాజాలదు. పండుగ పేరు అదే, ఋతువు వేరు.

అయితే సౌదీ సెలవుల జాబితాలో సూర్యుని అనుసరించేవి రెండున్నాయి. 1932లో రాజ్యం ఏకీకృతమైనట్లు ప్రకటించిన సందర్భాన్ని స్మరించే జాతీయ దినోత్సవం ఏటా సెప్టెంబరు 23న వస్తుంది. 2022 నుంచి పాటిస్తున్న సంస్థాపన దినోత్సవం ఫిబ్రవరి 22న వస్తుంది. వీటిలో మొదటిది సరిగ్గా శరద్విషువత్తు వేళ, కొండలపై వానలు వెనుదిరిగే వేళ వస్తుంది. శుక్ర, శనివారాల సెలవుకు దానిని జతచేసి, మరొకటి రెండు రోజుల సెలవు అడిగి తీసుకొంటే జెద్దా నుంచి 600 కిలోమీటర్లకు పైబడిన అబ్హా ప్రయాణానికి సరిపోతుంది. రియాద్ వంటి దూరప్రాంతాలవారు విమానాన్ని ఆశ్రయించవచ్చు. ఏ ఏటికాయేడు మారని ఆ తేదీని క్యాలెండరులో ముందే గుర్తు పెట్టుకోవడం మేలు.

వేసవి పక్షాన కొన్ని మాటలు

ఈ వాదానికి ఎదురు చెప్పేవారు లేకపోలేదు. పిల్లల బడి సెలవులు వేసవిలోనే. ఉద్యోగి వార్షిక సెలవు ఆ నెలల్లోనే. సెప్టెంబరులో బడి మాన్పించి కొండలకు తీసుకుపోవడం తగునా అన్నది న్యాయమైన ప్రశ్న. దూరపు నిర్మాణ స్థలాలలో పనిచేసే తెలుగు కార్మికునికైతే ఈద్ సెలవులు తప్ప వేరే సెలవులే ఉండవు. అతనికి ఋతువును ఎంచుకొనే స్వేచ్ఛ ఎక్కడిది?

వీరందరికీ ప్రయాణం మానుకొమ్మని చెప్పడం తగదు. ఋతువును మార్చుకోలేనివారు వేళను మార్చుకోవచ్చు, చోటును మార్చుకోవచ్చు. వేసవి వానలు ఎక్కువగా మధ్యాహ్నం తరువాతే కురుస్తాయి. తెల్లవారుజామున బయలుదేరి పగటి భోజనం వేళకు బసకు చేరుకొంటే సగం ప్రమాదం తప్పినట్లే. వసంతంలో సెలవు దొరికినవారికి అబ్హా కంటె తాయిఫ్ మేలు. మార్చి చివర మొదలై ఏప్రిల్ అంతటా అక్కడ గులాబీలు విరగబూస్తాయి. సూర్యోదయానికి ముందే కోసిన పూలను బట్టీలకు చేరుస్తారు. ఒక్క తులం అత్తరుకు పదివేలకు పైగా పూలు కావాలంటే ఆ శ్రమను పిల్లలకు చూపించవలసిందే. ఏ కాలంలో వెళ్ళినా మూడు నియమాలు తప్పనిసరి. జాతీయ వాతావరణ కేంద్రం హెచ్చరికలను బయలుదేరేముందు చూడాలి. వాగు గర్భంలో గుడారం వేయరాదు, బండి నిలపరాదు. నీరు పారుతున్న వాగును ఎంత లోతు తక్కువగా తోచినా దాటరాదు.

ఎత్తు మీది శాస్త్రం

విజిట్ వీసాపై వచ్చిన తల్లిదండ్రులను వెంటబెట్టుకొని వెళ్ళేవారు మరొక విషయం గుర్తుంచుకోవాలి. అబ్హా ఎత్తున గాలి పీడనం సముద్రమట్టంలో ఉన్నదానిలో ముప్పాతిక వంతుకు కొంచెమే ఎక్కువ. ఆరోగ్యవంతులకు మొదటిరోజు కొద్దిపాటి ఆయాసం, తలనొప్పి తప్ప ఇబ్బంది ఉండదు. గుండెజబ్బు, ఉబ్బసం ఉన్న పెద్దలు మాత్రం వైద్యుని సలహా తీసుకొని, చేరిన రోజున విశ్రాంతిగా ఉండాలి. అక్కడ నీరు 92, 93 డిగ్రీలకే మరుగుతుంది. కందిపప్పు మామూలు గిన్నెలో ఉడకడానికి ఎక్కువసేపు పడుతుంది. ప్రెషర్ కుక్కరు వెంట తీసుకువెళ్ళిన ఇల్లాలికి ఈ సూత్రం వేరే చెప్పనక్కరలేదు. పిల్లలకు మాత్రం బడి పుస్తకంలోని పీడనం, మరుగుస్థానం పాఠాన్ని పప్పుగిన్నె దగ్గర నిలబెట్టి చెప్పవచ్చు.

అలాగే దారి పక్కన గుంపులుగా కూర్చొనే బబూన్ కోతులకు అరటిపళ్ళు విసరడం దయ కాదు. వాటికి అడవి మేత వెతుక్కొనే అలవాటు తప్పి, ఊళ్ళమీద పడడానికి అదే కారణం. జ్యూనిపర్ చెట్లు మెల్లగా పెరిగేవి. కొన్ని చోట్ల అవి కొమ్మల కొసల నుంచి ఎండిపోతున్నాయి. వాటి నీడన నిప్పు రాజేయకుండా వండిన భోజనం వెంట తీసుకువెళ్ళడం అతిథి ధర్మం.

దూరపు కొండలు నునుపు అంటారు పెద్దలు. గల్ఫులో బతికే తెలుగు కుటుంబానికి ఊటీ, కాశ్మీరం నునుపైన కొండలు. దగ్గరున్న సరవాత్ మాత్రం కంటికి ఆనదు. పదేళ్ళు, పదిహేనేళ్ళు ఆ దేశపు ఉప్పు తిన్న పిల్లలు పెద్దవారై, అక్కడ ఏముందని ఎవరైనా అడిగినప్పుడు, అంగళ్ళూ, ఎండా అని మాత్రమే చెప్పగలిగితే అది తల్లిదండ్రులు సరిదిద్దదగిన లోటు. రిజాల్ అల్మా గ్రామపు రాతి మేడలను, 2017లో యునెస్కో గుర్తింపు పొందిన అసీరీ స్త్రీల గోడచిత్రాలను చూసి, తమ అమ్మమ్మ వాకిట పెట్టే ముగ్గులను తలచుకొన్న పిల్లవానికి రెండు దేశాలూ దగ్గరవుతాయి. గల్ఫు కొలువు శాశ్వతం కాదు. వీసా గడువు ఎప్పుడు తీరుతుందో ఎవరికీ తెలియదు. దీపముండగానే ఇల్లు చక్కబెట్టుకోవాలి. రాబోయే సెప్టెంబరు 23 ఏ వారాన పడుతుందో ఈరోజే చూసి పెట్టుకోవడం అందుకు తొలి మెట్టు.